జీటీఎక్స్ 1080కి వేరే కూలర్ బిగించాలనుకుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీఎక్స్ 1080 ఫౌండర్స్ ఎడిషన్ (ఎన్విడియా సొంత డిజైన్ గ్రాఫిక్స్ కార్డు), విజయవాడలో ఏసీ లేని గది, గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే చిప్ వేడి 83 డిగ్రీలు, పక్క గదిలోకి వినిపించేంత ఫ్యాన్ హోరు. కార్డుతో వచ్చిన కూలర్ తీసేసి రైజిన్‌టెక్ మార్ఫియస్ కొనాలా, ఆర్కిటిక్ యాక్సెలెరో వెతకాలా, క్రాకెన్ జీ12 పెట్టి లిక్విడ్ కూలింగ్‌కి (నీళ్లతో చల్లబరిచే పద్ధతికి) వెళ్లాలా అన్నది మీ ప్రశ్న.

మూడింట్లో ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మీ కార్డుకి అసలు కొత్త కూలర్ అవసరమా అన్నది ముందు తేలాలి. ఆ సంగతి 83 అన్న అంకెతో తేలదు.

1080 కార్డు 2016 మేలో వచ్చింది. దానికి ఎన్విడియా పెట్టిన టార్గెట్టే 83 డిగ్రీలు. అక్కడికి చేరగానే కార్డు తనను తాను సర్దుకోవడం మొదలుపెడుతుంది. ముందు ఫ్యాన్ వేగం పెంచుతుంది, అది చాలకపోతే క్లాక్ (చిప్ పనిచేసే వేగం) తగ్గిస్తుంది. చిప్‌కి గరిష్ఠ పరిమితి 94 డిగ్రీలు. కాబట్టి శుభ్రంగా ఉన్న కార్డూ 83 చూపిస్తుంది, దుమ్ముతో మూసుకుపోయిన కార్డూ 83 చూపిస్తుంది. తేడా తెలిసేది క్లాక్‌లోనూ ఫ్యాన్ శాతంలోనూ.

అందుకని ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని ఇరవై నిమిషాలు ఏదైనా బరువైన గేమ్ ఆడండి. తర్వాత మూడు అంకెలు రాసుకోండి: కోర్ క్లాక్, ఫ్యాన్ శాతం, వాట్లు. ఈ కార్డు బేస్ క్లాక్ 1607 మెగాహెర్ట్జ్, బూస్ట్ 1733. బాగా వేడెక్కాక ఫౌండర్స్ ఎడిషన్ ఆ రెండింటి మధ్య ఎక్కడో స్థిరపడితే అది దాని స్వభావమే. 1607 కిందికి జారుతున్నా, ఫ్యాన్ పైపైకి వెళ్తున్నా 83 దాటిపోతున్నా అప్పుడు వేడి బయటికి పోవడం లేదని అర్థం. పెర్ఫ్‌క్యాప్ రీజన్ అన్న వరుసలో కార్డు ఎందుకు వెనక్కి తగ్గుతోందో కూడా కనిపిస్తుంది. అక్కడ పవర్ అని వస్తే మీ కార్డుని ఆపుతున్నది వేడి కాదు, పవర్ లిమిట్, అంటే కార్డు వాడుకోగల వాట్ల హద్దు.

ఇక గది వేడి. ఫ్యాన్‌తో నడిచే ఏ కూలరూ చిప్‌ని గది కంటే చల్లగా చేయలేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఆపగలదన్నదే దాని పనితనం. ఫ్యాన్ వేగం మారకపోతే ఆ తేడా దాదాపుగా వాట్లతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. 1080 టీడీపీ, అంటే కూలర్ మోయాల్సిన వేడి, 180 వాట్లు. గది 30 డిగ్రీలున్నప్పుడు 83 దగ్గర ఆ 180 వాట్లనూ మోస్తోందనుకుందాం, అంటే తేడా 53. మేలో మీ గది 40కి చేరితే మిగిలేది 43 డిగ్రీల తేడా. అదే కూలర్, అదే ఫ్యాన్ వేగంతో అప్పుడు మోయగలిగేది సుమారు 146 వాట్లే. మిగతా 34 వాట్లను బయటికి నెట్టడానికే ఆ హోరంతా. జనవరిలో బాగానే ఉన్న కార్డు ఏప్రిల్‌లో పాడైపోయిందేమో అని టెన్షన్ పడేవాళ్లకి చాలాసార్లు అసలు కారణం ఇదే. రివ్యూల్లో 62, 65 అని చూసి ఆశపడేటప్పుడు ఆ పరీక్ష ఎంత వేడి గదిలో చేశారో కూడా చూడండి. సాధారణంగా అవి 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవి. మన ఎండాకాలానికి ఆ అంకెలకి ఇంకో పదిహేను కలుపుకోవాలి.

ఈ లెక్క నుంచే మొదటి మందు బయటపడుతుంది, పైసా ఖర్చు లేనిది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అన్న సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించండి. 180లో 80 శాతం అంటే 144 వాట్లు, అంటే 40 డిగ్రీల గదిలో మీ కూలర్ హాయిగా మోయగలిగినంత. ఫ్రేములు కొన్ని తగ్గుతాయి, కానీ చాలా గేముల్లో కౌంటర్ చూస్తే తప్ప కంటికి తెలియదు. ఇంకాస్త ఓపిక ఉంటే అదే ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్ కర్వ్ వస్తుంది. అందులో 0.9 వోల్టుల దగ్గర 1750 నుంచి 1800 మెగాహెర్ట్జ్ నిలిపి చూడండి. ఈ తరం చిప్‌లు చాలావరకు అక్కడ నిలబడతాయి. మీది నిలబడకపోతే గేమ్ క్రాష్ అవుతుంది, పాతిక మెగాహెర్ట్జ్ తగ్గించి మళ్లీ చూడండి. ఈ అండర్‌వోల్ట్ (వోల్టేజ్ తగ్గించడం) సరిగ్గా కుదిరితే కంపెనీ సెట్టింగుల్లో వేడెక్కి జారిపోయే క్లాక్ కంటే మెరుగైన క్లాక్, తక్కువ వాట్లలో దొరుకుతుంది.

రెండో పని దుమ్ము, పేస్ట్ (చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడి దాటేలా పూసేది). మీది బ్లోవర్ కార్డు. ఫ్యాన్ గాలిని లోపలికి లాగి, మూసిన సొరంగం లాంటి ఫిన్ల (పల్చటి లోహపు రెక్కల) గుండా నెట్టి, కేబినెట్ వెనక నుంచి బయటికి వదులుతుంది. ఫ్యాన్‌కీ ఫిన్లకీ మధ్య దుమ్ము దళసరి గుడ్డలా పేరుకుపోతుంది, పైనుంచి చూస్తే కనపడదు. బయటి నుంచి దుమ్ము ఊదే మిషన్‌తో ఊదితే అది ఇంకా లోపలికి దిగుతుంది. పైకవర్ తీసి, వెనక జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగ్ స్క్రూలు విప్పితే వేపర్ చాంబర్ ఉన్న హీట్‌సింక్ విడిగా వస్తుంది. విప్పే ముందు మీ మోడల్‌దే విప్పిన వీడియో ఒకటి చూసి పెట్టుకోండి. ఫ్యాన్ తీగనీ, లోగో లైట్ తీగనీ లాగి పీకకండి. కనెక్టర్‌ని పట్టుకుని మెల్లగా కదిపి తీయాలి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయండి. ఎంఎక్స్-4 అయినా, నాక్టువా ఎన్‌టీ-హెచ్1 అయినా చాలు. హనీవెల్ పీటీఎం7950 అసలు షీటు దొరికితే ఇంకా మంచిది. అది వేడికి మెత్తబడి చిప్ మీద పరుచుకుంటుంది, మామూలు పేస్ట్‌లా కొన్నాళ్లకి అంచుల నుంచి బయటికి జారిపోదు. మూత లేని చిప్‌ల మీద ఆ జారుడు బాగా ఎక్కువ. లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లకండి. చిప్ చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద ఒక్క బొట్టు పడినా షార్ట్ అవుతుంది.

ఈ రెండూ అయ్యాక కూడా శబ్దం భరించలేనంతగా ఉంటే అప్పుడు కూలర్ గురించి మాట్లాడుకోవచ్చు. బ్లోవర్ ఫ్యాన్ స్వభావమే అంత. చిన్న చక్రం వేగంగా తిరిగి ఒత్తిడితో గాలిని నెట్టాలి, కాబట్టి పూర్తిగా నిశ్శబ్దం ఎప్పటికీ రాదు. విడిగా కొని బిగించే (ఆఫ్టర్‌మార్కెట్) కూలర్‌తో ఎక్కువ లాభం కనిపించేది ఇలాంటి కార్డులకే. మూడు ఫ్యాన్ల పెద్ద కార్డు ఉన్నవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరు. వాళ్లకి కంపెనీ ఇచ్చిన హీట్‌సింక్ ఎలాగూ బాగుంటుంది, పైన ఉన్న ప్లాస్టిక్ కవర్, పల్చటి ఫ్యాన్లు తీసేసి రెండు 120 మి.మీ. కేస్ ఫ్యాన్లు జిప్ టైలతో కట్టుకుంటే పని అయిపోతుంది. మీ కార్డు మీద ఆ కిటుకు పనిచేయదు. ఫిన్లు పైన మూసి ఉంటాయి, గాలి నిలువుగా దిగే దారి లేదు.

కూలర్ ఎంచుకునేటప్పుడు అందరూ చూసేది హీట్‌పైపులు (చిప్ వేడిని ఫిన్లకి మోసే గొట్టాలు) ఎన్ని, ఎన్ని వాట్లు మోస్తుంది అని. 180 వాట్ల కార్డుకి అది పెద్ద సమస్యే కాదు. మార్ఫియస్ 2కి 12 హీట్‌పైపులు, కంపెనీ చెప్పే సామర్థ్యం 360 వాట్లు. యాక్సెలెరో ఎక్స్‌ట్రీమ్ 3, 4లకి 300 వాట్లు. ఏది పెట్టినా చిప్ 83 నుంచి చెప్పుకోదగ్గంత దిగుతుంది. నేనైతే చూసేది చిప్ పక్కనున్న వాటిని ఆ కూలర్ ఏం చేస్తుందని.

మీ కార్డులో జీపీయూ చుట్టూ 8 జీడీడీఆర్5ఎక్స్ మెమరీ చిప్‌లుంటాయి. దానికి ఒక పక్కన వీఆర్ఎం, అంటే 12 వోల్టులను చిప్‌కి కావాల్సిన ఒక వోల్టు దరిదాపులకి దించే మాస్‌ఫెట్లు, కాయిల్స్ ఉంటాయి. ఫౌండర్స్ ఎడిషన్‌లో హీట్‌సింక్ కింద మొత్తం కార్డు పొడవునా ఒక లోహపు బేస్‌ప్లేటు ఉంటుంది. మెమరీ, మాస్‌ఫెట్లు థర్మల్ ప్యాడ్ల ద్వారా దానికి అతుక్కుని ఉంటాయి, బ్లోవర్ గాలి దాని మీదుగానే పోతుంది. అంటే శబ్దం ఎంత చేసినా కంపెనీ కూలర్ ప్రతి భాగాన్నీ చూసుకుంటోంది. మీరు దాన్ని పీకేసి జీపీయూని మాత్రమే తాకే పెద్ద హీట్‌సింక్ పెడితే చిప్ 60కి దిగుతుంది, మీరు సంబరపడతారు, ఫ్యాన్లని నెమ్మదిగా తిరిగేలా పెడతారు, అక్కడ మాస్‌ఫెట్లు మాడుతుంటాయి. ఆ సంగతి తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఈ కార్డులో మెమరీ, వీఆర్ఎం ఉష్ణోగ్రతలు సాఫ్ట్‌వేర్‌లో కనిపించవు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2016 చివర్లో కార్డులు చేసే కంపెనీ ఈవీజీఏ అమ్మిన ఏసీఎక్స్ 3.0 కూలర్ల 1070, 1080 కార్డుల్లో జీపీయూ చల్లగానే ఉన్నా వీఆర్ఎం చుట్టూ వేడి ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది. ఆ కంపెనీ అడిగినవాళ్లకి థర్మల్ ప్యాడ్లు ఉచితంగా పంపింది, ఫ్యాన్ వేగం పెంచే వీబయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) కూడా విడుదల చేసింది. ఫ్యాక్టరీలో తయారైన కార్డుకే అలా జరిగిందంటే ఇంట్లో మనం బిగించే దాని విషయంలో ఇంకెంత చూసుకోవాలి!

ఈ కోణంలో చూస్తే మీ ముందున్న దారులు ఇలా ఉంటాయి.

మార్ఫియస్ 2, లేదా దాని తర్వాత వచ్చిన మార్ఫియస్ 8057. గాలి కూలర్లలో నా ఓటు దీనికే. ఫ్యాన్లు విడిగా కొనాలి, అది లోటు కాదు. ఆర్కిటిక్ పీ12 లాంటి మామూలు 120 మి.మీ. ఫ్యాన్లు రెండు చాలు, పాడైతే ఎక్కడైనా దొరుకుతాయి. మెమరీకీ మాస్‌ఫెట్లకీ చిన్న చిన్న హీట్‌సింక్‌లు, అంటించే టేపు పెట్టెలోనే వస్తాయి. సమస్య ఆ టేపే. మామూలు కేబినెట్లో కార్డు తలకిందులుగా వేలాడుతుంది. అంటే ఆ చిన్న హీట్‌సింక్‌లు కూడా కిందికి వేలాడతాయి. వేడికి జిగురు మెత్తబడి ఒకటి ఊడితే అది ఫ్యాన్లో ఇరుక్కోవచ్చు, లేదా జారుతూ రెండు పిన్నులని కలిపేయవచ్చు. చిప్‌ల పైభాగాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించి, ఒక్కొక్కదాన్ని గట్టిగా అదిమి పట్టుకుని, కార్డుని ఒక రాత్రంతా బల్లమీద అలాగే ఉంచాకే బిగించండి. హీట్‌పైపుల వంపు ఏ చిప్ మీదుగా పోతుందో ముందే చూసుకుని అక్కడ పొట్టి హీట్‌సింక్‌లు పెట్టాలి.

యాక్సెలెరో ఎక్స్‌ట్రీమ్ 3 పాత సరుకు కింద ఎక్కడైనా కనిపించవచ్చు. మూడు 92 మి.మీ. ఫ్యాన్లు, నిశ్శబ్దం విషయంలో వంక పెట్టలేం. కానీ దాంతో వచ్చేది టేపు కాదు, రెండు భాగాల థర్మల్ జిగురు. ఒకసారి అంటిస్తే మళ్లీ రాదు, బలవంతంగా పీకితే చిప్ కూడా బోర్డు నుంచి ఊడొస్తుంది. తర్వాత పాత కూలర్ పెట్టి అమ్ముకుందామన్నా కుదరదు. ఎక్స్‌ట్రీమ్ 4లో ఈ జిగురు గొడవ లేకుండా బోర్డు వెనకవైపు పెద్ద హీట్‌సింక్ పెట్టారు, వేడిని బోర్డు గుండా వెనక్కి లాగుతుంది. పద్ధతి తెలివైనదే కానీ వెనకవైపు చాలా మందం వస్తుంది, కొన్ని మదర్‌బోర్డుల్లో సీపీయూ కూలర్‌కో ర్యామ్ లాచ్‌లకో తగులుతుంది. రెండూ ఇప్పుడు కొత్తవి దొరకడం అరుదు.

క్రాకెన్ జీ12 కూలర్ కాదు, బ్రాకెట్ మాత్రమే. సీపీయూ కోసం చేసిన లిక్విడ్ కూలర్ పంపుని జీపీయూ మీద పట్టి ఉంచుతుంది, పక్కన వీఆర్ఎం మీదికి గాలి కొట్టే 92 మి.మీ. ఫ్యాన్ ఉంటుంది. ఎసెటెక్ అన్న కంపెనీ చేసిన గుండ్రటి పంపులకే సరిపోతుంది, చతురస్రపు పంపు కొంటే డబ్బు వృథా. 180 వాట్లకి 120 మి.మీ. రేడియేటర్ చాలు. ఇక్కడ ఫౌండర్స్ ఎడిషన్‌కి ఒక మంచి అవకాశం ఉంది. పాత బేస్‌ప్లేటుని అలాగే ఉంచి పంపుని దాని మధ్యలోంచి చిప్‌కి తాకించగలిగితే మెమరీ, వీఆర్ఎం చింత చాలావరకు తీరినట్టే. ఈవీజీఏ ఈ కార్డుల కోసం అమ్మిన హైబ్రిడ్ కిట్ చేసేది అదే పని: బేస్‌ప్లేటు, బ్లోవర్ రెండూ ఉండగానే చిప్‌కి మాత్రం నీళ్ల కూలింగ్. 2022 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారమే మానేసింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. మంచి స్థితిలో మీకు అది దొరికితే మిగతావేవీ చూడక్కర్లేదు. అయితే పాత లిక్విడ్ కూలర్ కొనేటప్పుడు నడిపించి చూసి, పంపు గరగరలాడకుండా ఉంటేనే తీసుకోండి.

పంపు, గొట్టాలు విడివిడిగా కొని కట్టుకునే కస్టమ్ వాటర్ లూప్ అని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి వదిలేయండి. ఆ డబ్బుతో ఇంకో కార్డే వస్తుంది.

సైట్లో మీ కార్డు పేరు కనిపించినా సరే, ఆర్డర్ పెట్టే ముందు కార్డు వెనక జీపీయూ చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం కొలవండి. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచు దాకా కొలిస్తే మధ్య నుంచి మధ్యకి దూరం వస్తుంది, వెర్నియర్ ఉంటే మరీ మంచిది. మీ కార్డులో సుమారు 58 మి.మీ. రావాలి. ఏఎండీ వేగా కార్డుల్లో అది 64 మి.మీ., ఇంకొన్ని పాత కార్డుల్లో 53. చదువుతున్న మిగతావాళ్లు కూడా పేరు చూసి కాకుండా కొలిచి కొనండి. ఒకే పేరుతో వేర్వేరు కంపెనీలు వేర్వేరు బోర్డులు చేస్తాయి, ఎత్తైన కెపాసిటర్ ఒకటి అడ్డం వచ్చినా కూలర్ కూర్చోదు.

తర్వాత చోటు. మార్ఫియస్ పొడవు సుమారు 25 సెం.మీ., మీ కార్డు కంటే కొంచెం పొట్టే. పొడవు సమస్య కాదు, మందమే సమస్య. హీట్‌సింక్ మీద 25 మి.మీ. ఫ్యాన్లు పెడితే కార్డు నాలుగు స్లాట్ల దాకా వస్తుంది, ఒక్కో స్లాట్ సుమారు 20 మి.మీ. కింద పవర్ సప్లై కవర్‌కీ ఫ్యాన్లకీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి, లేకపోతే ఫ్యాన్లకి గాలే అందదు. అంత చోటు లేకపోతే 15 మి.మీ. పల్చటి ఫ్యాన్లు వాడండి. బరువు కూడా చూసుకోవాలి. ఫ్యాన్లు లేకుండానే అర కిలో, కాబట్టి కార్డు చివర కింద సపోర్ట్ స్టాండు తప్పనిసరి.

ఎక్కువమంది మరిచిపోయే ఇంకో సంగతి ఉంది. బ్లోవర్ వేడిని కేబినెట్ బయటికి పంపుతుంది, మార్ఫియస్ లోపలే వదులుతుంది. ముందు గాజు పలక, వెనక ఒక్క ఫ్యాన్ ఉన్న కేబినెట్లో 180 వాట్లు లోపల వదలడం కిటికీలు మూసిన గదిలో ఎయిర్ కూలర్ పెట్టుకోవడం లాంటిది. మీ సీపీయూ వేడి పెరుగుతుంది, కాసేపటికి కార్డు కూడా తన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. ముందు జాలీ, కనీసం రెండు ఇన్‌టేక్ ఫ్యాన్లు లేని కేబినెట్ అయితే నా సలహా: బ్లోవర్‌నే ఉంచుకుని పవర్ లిమిట్‌తో సరిపెట్టుకోండి, లేదా రేడియేటర్ వేడిని నేరుగా బయటికి వదిలే లిక్విడ్ దారిలో వెళ్లండి.

ఫ్యాన్ల వైరింగ్ చిన్న విషయమే. కార్డు మీదున్న ఫ్యాన్ కనెక్టర్ మామూలు కేస్ ఫ్యాన్ పిన్ కంటే చిన్నది, దానికి అడాప్టర్ కేబుల్ దొరుకుతుంది. ఒక స్ప్లిటర్ పెట్టి రెండు ఫ్యాన్లనీ దానికే కలిపితే కార్డే తన వేడిని బట్టి వేగం చూసుకుంటుంది. అడాప్టర్ దొరకకపోతే మదర్‌బోర్డుకి కలిపి, ఫ్యాన్ కంట్రోల్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ ఉష్ణోగ్రతని ఆధారంగా పెట్టండి. ఎలా పెట్టినా కనిష్ఠ వేగం మరీ తగ్గించకండి. చిప్ 55లో ఉంది కదా అని ఫ్యాన్లు దాదాపు ఆపేస్తే పైన చెప్పిన మాస్‌ఫెట్ల కథే.

బిగించేటప్పుడు నాలుగు స్క్రూలనీ ఎదురెదురు మూలలుగా, ఒక్కోటి కొంచెం కొంచెంగా తిప్పుతూ రండి. చిప్‌కి మూత లేదు, ఒకే మూల మీద ఒత్తిడి పడితే అంచు విరుగుతుంది. మొదటిసారి బిగించాక ఒకసారి విప్పి పేస్ట్ ముద్ర చూడండి. చిప్ నాలుగు మూలలా సమానంగా పరుచుకుని ఉంటే సరే. ఒక పక్క పొడిగా ఉందంటే ఏదో చిన్న హీట్‌సింక్ గానీ కెపాసిటర్ గానీ కూలర్‌ని ఎత్తి పడుతోంది. పేస్ట్ మళ్లీ వేయాలి కాబట్టి ట్యూబు కాస్త పెద్దదే కొనండి. పేస్ట్, ప్యాడ్లు, ఫ్యాన్ల కోసం ఆన్‌లైన్‌లో ఆగక్కర్లేదు. మీకు దగ్గర్లోని కంప్యూటర్ షాపుల్లో, హైదరాబాద్ వైపు వెళ్తే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడగండి.

చివరగా డబ్బు సంగతి, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. ఈ తరం కార్డులకి 2025 అక్టోబర్ తర్వాత కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేములకి సర్దిన సాఫ్ట్‌వేర్) ఉండవనీ, 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయనీ ఎన్విడియా ప్రకటించింది. 1080 ఇప్పటికీ 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీ తెర మీద, బాగా ఆడే కార్డే. కానీ దాని మీద పెట్టే ఖర్చుకి ఒక హద్దు ఉండాలి. కూలర్, ఫ్యాన్లు, అడాప్టర్, షిప్పింగ్ అన్నీ కలిపి ఈ కార్డు ఇవాళ్టి సెకండ్ హ్యాండ్ ధరలో మూడో వంతు దాటితే నేనైతే కొనను. ఆ డబ్బు పక్కన పెట్టి, ఇది అమ్మి, తక్కువ వాట్లు తినే కొత్త కార్డుకి కలుపుకుంటాను.

కాబట్టి ముందు పవర్ లిమిట్ 80 చేసి, దుమ్ము తీసి, పేస్ట్ మార్చి, ఆ మూడు అంకెలు ఇక్కడ పెట్టండి. వాటితో పాటు కేబినెట్ మోడల్, కార్డు కింద ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో, కొలిచేటప్పుడు గదిలో ఎన్ని డిగ్రీలుందో కూడా రాయండి. అప్పుడు మార్ఫియస్ పడుతుందో లేదో కచ్చితంగా చెప్తాను.